చేటెడు తవుడు

మా అక్క కంటే ముందు ముగ్గురు పోయారు.
అందుకని నాలుగో బిడ్డని పురిటి నాడే
పక్కింటి ముసలమ్మ చేతిలో పెట్టేసి
చేటెడు తవుడు కొలిచి తిరిగి కొనుక్కుంది అమ్మ.
పేరు తవిటమ్మ.
తవుడూ నూకా జీడిపిక్కా
ఏ కంతలోంచి ఎలా జారతాయో
ముప్పై నాలుగేళ్లు కొలిచిన మనిషికి
ఇంతకంటే సరైన పేరు ఏ పంతులు పెట్టగలడు?

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ.
అమ్మ కటింగ్ బల్ల దగ్గర.
జీడి కారి వేళ్లు నల్లబడి
ఆమె కలిపిన ముద్ద కొంచెం వగరుగా ఉండేది.
నాకు పదకొండేళ్లు, నేను సుత్తి మనిషిని.
రేకు గరాటులోంచి పిక్కలు
దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవి.
ఎవరూ ఆపలేదు. కంతకి రాయేమీ అడ్డం పడలేదు.
ఠంగుమని ఒక్కటిస్తే
మళ్లీ గలగలా.

బడి నుంచి అమ్మకి క్యారేజీ తెచ్చిన అక్క
గరాటు కింద తల పెట్టి చూసింది.
"ఎందుకాగినాయిరా?"
"ఏటో. ఆగినాయి, కొట్టినాను."
ఆ ఏటో అన్న మాట పట్టుకుని
సిక్కోలు కాలేజీకి పోయింది, వాల్తేరు పోయింది,
పేరుకి ముందు డాక్టరు తగిలించుకుని
విజయనగరంలో దిగింది.

హాస్టలు వెనక రేకుల షెడ్డు. అదే ప్రయోగశాల.
రెండు గాజు పలకల మధ్య కందులు పోసేది, పెసలు పోసేది,
ఆగిన ప్రతిసారీ ఫోటో తీసి
ఏ గింజ ఏ గింజ భుజం మీద చెయ్యేసిందో గీసేది.
ఏడు గింజలు చాలంట, కమాను కట్టడానికి.
పైన బస్తాలకి బస్తాలున్నా మోసేస్తాయంట.
నీళ్లు లోతుకొద్దీ అడుగుని నొక్కుతాయి గానీ
గింజలు బరువుని పక్క గోడలకి అప్పజెబుతాయంట.
నాకు గోడ సంగతి మాత్రం అర్థమైంది,
నాన్న పోయాక అమ్మని చూసినవాణ్ణి కదా.
ఎలుకలు తిన్న కందుల లెక్క కూడా
ఆ నోట్‌బుక్కులో తేదీలతో ఉంది.

రాజాం దగ్గర ఒక మిల్లు. ధాన్యం ఆగింది.
కమాను పొడవడానికి గునపంతో పైనుంచి దిగాడు
లెంక గౌరునాయుడు, ఇరవై రెండేళ్లు.
కమాను కూలింది.
గింజలు ఆ ఒక్కసారి నీళ్లలా మూసుకున్నాయి.
మూడో రోజు ఓనరు ఫోను చేసి అడిగింది
మిల్లు మళ్లీ ఎప్పుడు తిప్పొచ్చో.
అక్క వెళ్లింది.
కంతకి జానెడు పైన ఇనప దుంగ ఒకటి వేలాడదీయమంది.
"దారికి అడ్డమా, మేడంగారూ?" నవ్వాడతను.
"అడ్డముంటేనే ఒకదాన్నొకటి తోసుకోవు.
మనిషి దిగక్కర్లేదు."
దాని మీద రాసిన పేపరు చివర
కృతజ్ఞతల్లో ఆ కుర్రాడి పేరు వేసింది.
ఏ సంస్థ, అని అడిగారంట పత్రికవాళ్లు.
ధాన్యం కింద, అని రాసి పంపింది.

తిత్లీ గాలికి మా తోటలు పడుకున్నాయి.
ఆ ఏడు గరాట్లలో సాలీళ్లు కాపరం పెట్టాయి.
సుత్తి ఎవరో పట్టుకుపోయారు.
ఆ తర్వాతేడాది నా కాళ్లు వాచాయి.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు
పలాస ఆసుపత్రిలో నా మంచం పక్కన
స్టూలేసుకుంటుంది, రిటైరైన మనిషి.
నాలో ఏ జల్లెడ ఎందుకు మూసుకుందో,
ఉద్దానంలో ఇంతమందికి ఎందుకు మూసుకుందో,
పెద్ద డాక్టర్లని అడిగితే
కోటు వేసుకున్న ఇంగ్లీషులో ఏటో అంటారు.
అక్క కళ్లజోడు సర్దుకుని మర మీద అంకె చదువుతుంది:
నిమిషానికి రెండొందల యాభై.
గొట్టంలో ఎర్రగా తిరుగుతున్నది నేనే.

మొన్న శుక్రవారం అలారం మోగింది. ఆగింది.
నర్సు వచ్చేలోపు అక్క లేచి
గొట్టం పొడుగునా చూసుకుంటూ వెళ్లి
నా మోచేతి కింద పడ్డ మడత విప్పింది.
అంకె ఇంకా కదల్లేదు.
"ఎందుకాగిందే?" అన్నాను.
నాకేసి చూసింది. జవాబు తెలుసు ఆవిడకి,
మూడు పేజీల జవాబు.
"ఏటో," అంది,
అని, వేలు మడిచి మర పక్కన
ఠంగుమని ఒక్కటిచ్చింది.